నల్లని నేపథ్యం మీద వెలిగే వెక్టర్ బొమ్మను విడదీసి రంగు మార్చడం ఎలా

హైదరాబాదులో గ్లో సైన్ బోర్డులకూ, రిసెప్షన్ల ఎల్‌ఈడీ వాల్‌లకూ, వినాయక మండపాల ఫ్లెక్సీలకూ డిజైన్లు చేసేవారి దగ్గరికి ఈ పని ఏదో ఒక రోజు తప్పకుండా వస్తుంది. నియాన్ గీతలతో గీసిన చార్మినార్ బొమ్మ ఒకటి నల్లని నేపథ్యం మీద నీలంగా వెలుగుతూ ఉంటుంది. కస్టమర్‌కు మాత్రం అదే బొమ్మ మెరూన్ రంగు బోర్డు మీద పసుపుపచ్చగా వెలగాలి. చూడడానికి ఐదు నిమిషాల పనిలాగే ఉంటుంది కానీ, వెనుక ఉన్న నలుపును పట్టుకుని డిలీట్ నొక్కగానే మినార్ల చుట్టూ మసి అంటినట్టు నల్లటి మచ్చలు తేలుతాయి. దాని కింద తెల్లని రంగు పెట్టి చూస్తే వెలుగు మొత్తం మాయమై సన్నని గీతలు మాత్రమే మిగులుతాయి. ఈ రెండు ఇబ్బందులకూ కారణం ఒక్కటే. అది అర్థమైతే మిగతా పని ఓపికతో చేసుకుపోవలసినదే తప్ప కష్టమైనది కాదు. నేను ఇక్కడ అడోబీ వారి డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ ఇలస్ట్రేటర్‌ను ఆధారంగా పెట్టుకుని చెబుతున్నాను. డబ్బు పెట్టి కొనలేని వారి కోసం ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్, గింప్ పద్ధతులు కూడా చెబుతాను.

వెలుగు ఎలా తయారైందో ముందు చూడండి

ఇంటర్నెట్‌లో దొరికే మెరిసే వెక్టర్ బొమ్మల్లో (పిక్సెళ్లతో కాక గీతలు, ఆకారాలతో కట్టిన బొమ్మలు) చాలా వాటికి వెలుగును ఒకే విధంగా కడతారు. గీత వెనుక ఒక గ్రేడియెంట్, అంటే ఒక రంగు నుంచి మరో రంగుకు క్రమంగా మారే పూత, ఉంటుంది. అది మధ్యలో ప్రకాశవంతమైన రంగుతో మొదలై అంచుకు వచ్చేసరికి పూర్తి నలుపుగా ముగుస్తుంది. ఆ గ్రేడియెంట్‌కు స్క్రీన్ అనే బ్లెండింగ్ మోడ్, అంటే పై రంగు కింది రంగుతో కలిసే పద్ధతి, పెడతారు. స్క్రీన్ మోడ్‌లో నలుపుకు విలువ లేదు. కింద ఏ రంగు ఉంటే ఆ రంగును అది అలాగే వదిలేస్తుంది. కాబట్టి నల్లని నేపథ్యం మీద అంచులు కనబడవు, మధ్యలోని రంగు మాత్రమే వెలుగులా తోస్తుంది. అయితే కింద ఏ వస్తువూ లేనప్పుడు స్క్రీన్ మోడ్‌కు కలపడానికి మరో రంగు దొరకదు గనుక, గ్రేడియెంట్ తన అసలు రంగుల్లోనే, అంటే అంచున నల్లగానే, బయటపడుతుంది. మీరు నేపథ్యం తీసేసినప్పుడు కనబడిన మచ్చలు అవే. కింద తెలుపు పెడితే స్క్రీన్ మోడ్‌లో తెలుపు మీద ఏది కలిపినా తెలుపే వస్తుంది, అందుకే వెలుగు మాయమవుతుంది.

అంటే మనం తీసేయవలసిన నలుపు రెండు చోట్ల ఉంది. ఒకటి వెనుక పరిచిన దీర్ఘచతురస్రం, రెండవది ప్రతి వెలుగు అంచులోనూ కలిసిపోయిన నలుపు. మొదటిది అర నిమిషంలో పోతుంది. రెండవ దానిని చెరపడానికి వీలు లేదు, దానిని పారదర్శకతగా మార్చాలి. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఆ మార్పు గురించే.

మొదటి దశ: వెనుక నలుపును తీయడం

అసలు ఫైలును ముట్టుకోకుండా వేరే పేరుతో ఒక కాపీ చేసుకుని దాని మీదే పని చేయండి. ఫైల్ మెనూలోని డాక్యుమెంట్ కలర్ మోడ్ ఆర్‌జీబీలో (తెర వాడే ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతుల పద్ధతి) ఉందో లేదో చూడండి. అది సీఎంవైకేలో (ప్రింటు వాడే సయాన్, మజెంటా, పసుపు, నలుపు సిరాల పద్ధతి) ఉంటే ముందుగా ఆర్‌జీబీకి మార్చండి, కారణం కొద్దిసేపట్లో చెబుతాను. తరువాత కంట్రోల్, ఆల్ట్, 2 మీటలు కలిపి నొక్కి తాళం వేసి ఉన్న వస్తువులన్నిటినీ విడిపించండి. కంట్రోల్, ఆల్ట్, 3 నొక్కితే దాచి ఉంచినవి కూడా బయటికి వస్తాయి. ఇప్పుడు కంట్రోల్, వై నొక్కి అవుట్‌లైన్ రూపంలో చూడండి. రంగులన్నీ పోయి గీతలు మాత్రమే కనబడతాయి గనుక నేపథ్యంగా పరిచిన దీర్ఘచతురస్రాలు ఎన్ని ఉన్నాయో ఇక్కడ స్పష్టంగా తెలుస్తుంది. ఒకదాని మీద ఒకటి రెండు మూడు ఉండడం మామూలే. అన్నిటినీ లేయర్స్ ప్యానెల్‌లో గుర్తించి తీసేయండి.

నలుపు అన్న కారణంతో కనబడిన ప్రతి నల్లని ఆకారాన్నీ ఒకేసారి ఎంచుకుని తీసేయవద్దని మాత్రం గట్టిగా చెబుతాను. చార్మినార్‌నే తీసుకోండి. నాలుగు పెద్ద ఆర్చీల లోపల, వెనుక గీతలు ముందుకు కనబడకుండా ఉండడానికి, బొమ్మ గీసినవారు నల్లని ఆకారాలు నింపి ఉంటారు. 1889లో అమర్చిన గడియారాల డయల్ కూడా ఒక చిన్న నల్లని వృత్తంగానే గీసి ఉండవచ్చు. వీటిని తీసేస్తే వెనుక మినార్ల గీతలు ఆర్చీలో నుంచి తొంగిచూసి బొమ్మ గజిబిజి అవుతుంది. అలాగే వదిలేస్తే మెరూన్ బోర్డు మీద ఆర్చీలు నల్లటి గుహల్లా కనబడతాయి. నా పద్ధతి ఏమిటంటే, అటువంటి ఆకారాలను ఒక వేరే లేయర్‌లోకి చేర్చి ఉంచుతాను. బొమ్మ ఒకే రంగు నేపథ్యం మీదికి వెళ్తుందని ఖాయమైతే వాటికి ఆ నేపథ్యం రంగునే వేస్తాను. ఎక్కడ పెడతారో తెలియనప్పుడు వాటి వెనుక దాగిన గీతలను కత్తెర సాధనంతో కత్తిరించి, ఆ తరువాతే నల్లని ఆకారాలను తొలగిస్తాను. రెండవ దానికి సమయం పడుతుంది, అయినా ఫలితం శుభ్రంగా ఉంటుంది.

ఇప్పుడు కంట్రోల్, షిఫ్ట్, డి నొక్కి పారదర్శకతను చూపించే గళ్ల నేపథ్యాన్ని తెరవండి. తెల్లని ఆర్ట్‌బోర్డు మీద పని చేస్తే కన్ను మోసపోతుంది.

రెండవ దశ: అంచులోని నలుపును పారదర్శకతగా మార్చడం

గళ్ల మీద నల్లటి మచ్చగా కనబడుతున్న ఒక వెలుగును ఎంచుకోండి. సెలెక్ట్ మెనూలో సేమ్, దాని కింద బ్లెండింగ్ మోడ్ అన్న చోటికి వెళ్తే స్క్రీన్ మోడ్‌లో ఉన్నవన్నీ ఒకేసారి చిక్కుతాయి. ఏవేవి ఉన్నాయో చూసుకున్న తరువాత ఒక్కొక్కటిగా గ్రేడియెంట్ ప్యానెల్‌లో తెరవండి. కింది పట్టీ మీద రంగు గుండీల్లా స్టాప్‌లు వరుసగా ఉంటాయి. చివరి నల్లని స్టాప్‌ను ఎంచుకుని దాని రంగును పక్క స్టాప్ రంగుకు మార్చి, ఒపాసిటీని, అంటే రంగు ఎంత గాఢంగా కప్పాలో చెప్పే కొలతను, 0 శాతం చేయండి. నలుపును నలుపుగానే ఉంచి ఒపాసిటీ మాత్రం సున్నా చేస్తే సరిపోదు. నీలం నుంచి కనబడని నలుపుకు వెళ్లే దారిలో మురికి నీడ ఒకటి మిగిలిపోతుంది.

మధ్యలో ఉన్న ముదురు స్టాప్‌ల దగ్గరే చాలామంది పొరపాటు చేస్తారు. తెలుపు, లేత నీలం, ముదురు నీలం, నలుపు అని నాలుగు స్టాప్‌లు ఉన్నాయనుకోండి. ఆ ముదురు నీలంలో కూడా నలుపు కలిసి ఉంది, దానిని కూడా బయటికి లాగాలి. అందుకు చిన్న లెక్క ఉంది. ఆ స్టాప్ రంగులో ఎరుపు 0, ఆకుపచ్చ 60, నీలం 102 ఉన్నాయని చూద్దాం. మూడింటిలో పెద్దది 102. దానిని 255తో భాగిస్తే 0.4 వస్తుంది, అంటే ఆ స్టాప్ ఒపాసిటీ 40 శాతం. ఇప్పుడు మూడు అంకెలనూ అదే 0.4తో భాగిస్తే ఎరుపు 0, ఆకుపచ్చ 150, నీలం 255 అవుతాయి. అది కొత్త రంగు. ఎరుపు 0, ఆకుపచ్చ 150, నీలం 255 రంగును 40 శాతం ఒపాసిటీతో నలుపు మీద పెడితే మొదటి ముదురు నీలమే తిరిగి వస్తుంది, వేరే రంగు మీద పెడితే ఆ రంగులో కలిసిపోతుంది. ఒకటి రెండు సార్లు కాగితం మీద వేసుకుంటే లెక్క చేతికి వచ్చేస్తుంది.

స్టాప్‌లన్నీ మార్చిన తరువాత ట్రాన్స్‌పరెన్సీ ప్యానెల్‌లో బ్లెండింగ్ మోడ్‌ను స్క్రీన్ నుంచి నార్మల్‌కు మార్చండి. గళ్ల మీద మచ్చ పోయి, వెలుగు మంచుపొరలా అంచుల్లో కరిగిపోతూ కనబడాలి. కాస్త ముదురు నేపథ్యాల మీద ఇది మొదటి దానికి దాదాపు సమానంగానే ఉంటుంది. లేత నేపథ్యాల మీద మాత్రం వెలుగుగా కాక రంగు పొగలా కనబడుతుంది. అది లోపం కాదు, తెల్లని కాగితం కన్నా ప్రకాశవంతంగా ఏ సిరా వెలగలేదు. తెల్లని బోర్డు మీద నియాన్ వెలుగు కావాలని కస్టమర్ పట్టుబడితే ఈ సంగతి ముందే చెప్పడం మంచిది.

బొమ్మలో స్క్రీన్ గ్రేడియెంట్లు కాక అపియరెన్స్ ప్యానెల్‌లో అవుటర్ గ్లో అనో, గాసియన్ బ్లర్ అనో కనబడితే మీ అదృష్టం. ఆ ప్రభావాలు నిజమైన పారదర్శకతతోనే తయారవుతాయి. అవుటర్ గ్లో మోడ్ స్క్రీన్‌లో ఉంటే దానిని మాత్రం నార్మల్‌కు మార్చుకోండి.

అన్నిటికన్నా ఇబ్బంది పెట్టేవి లావు నల్ల గీత నుంచి సన్నని తెల్ల గీత వరకు పదుల కొద్దీ గీతలను పేర్చి కట్టిన బ్లెండ్‌లు. వాటిని బాగు చేయడం కన్నా మధ్యలో ఉన్న సన్నని గీతను మాత్రం ఉంచుకుని, మిగిలినవి తీసేసి, వెలుగును కొత్తగా కట్టుకోవడమే మేలని నా అనుభవం. ఆ గీతను ఎంచుకుని అపియరెన్స్ ప్యానెల్‌లో మూడు స్ట్రోక్‌లు వేయండి. అడుగున 14 పాయింట్ల స్ట్రోక్ వేసి, 50 శాతం ఒపాసిటీ, 20 పిక్సెళ్ల గాసియన్ బ్లర్ ఇవ్వండి. దాని మీద అదే రంగులో 6 పాయింట్ల స్ట్రోక్ వేసి 6 పిక్సెళ్ల బ్లర్ ఇవ్వండి. పైన బ్లర్ లేకుండా ఒకటిన్నర పాయింట్ల స్ట్రోక్‌ను దాదాపు తెల్లని రంగులో పెట్టండి. ఈ కొలతలు ఆర్ట్‌బోర్డు పరిమాణాన్ని బట్టి మారతాయి, వాటి మధ్య నిష్పత్తి ముఖ్యం. దీనిని గ్రాఫిక్ స్టైల్‌గా దాచుకుంటే చార్మినార్‌లోని ప్రతి గీతకూ ఒక్క క్లిక్కుతో అంటించవచ్చు. ఇవన్నీ వేయకముందే ఎఫెక్ట్ మెనూలోని డాక్యుమెంట్ రాస్టర్ ఎఫెక్ట్స్ సెట్టింగ్స్‌లో 72 ఉన్న చోట, ప్రింటు పని అయితే 300 పెట్టుకోండి, లేకపోతే బ్లర్ గరుకుగా అచ్చవుతుంది.

ఇంక్‌స్కేప్ వాడేవారికి ఇదే పని కంట్రోల్, షిఫ్ట్, ఎఫ్ మీటలతో తెరుచుకునే ఫిల్ అండ్ స్ట్రోక్ డబ్బాలో జరుగుతుంది. బ్లర్, ఒపాసిటీ, బ్లెండ్ మోడ్ అన్నీ అందులోనే కింద ఉంటాయి. గ్రేడియెంట్ స్టాప్‌కు ఒపాసిటీ తగ్గించే వీలు కూడా ఉంది. ఫైలు ఈపీఎస్ రూపంలో కాక ఎస్‌వీజీ రూపంలో దొరికితే దానినే తీసుకోండి.

సీఎంవైకే చేసే నష్టం

మొదట్లో ఆర్‌జీబీలోనే పని చేయమని ఎందుకన్నానో ఇప్పుడు చెబుతాను. కొన్నేళ్ల క్రితం దిల్‌సుఖ్‌నగర్ వైపు ఒక చిన్న ఇరానీ చాయ్ హోటల్ ప్రారంభానికి మెరూన్ రంగు మీద చార్మినార్ వెలిగే బోర్డు చేశాను. స్క్రీన్ గ్రేడియెంట్లను మార్చకుండా అలాగే ఉంచి ఫైలు పంపాను. నా సిస్టమ్‌లో ఎంతో అందంగా ఉంది. ప్రింటు తీసే చోట ఫైలును సీఎంవైకేకు మార్చారు. రాత్రి పదకొండు గంటలకు ఆపరేటర్ ఫోన్ చేసి, "అన్నా, మినార్ల సుట్టు తెల్లగ డబ్బాలు డబ్బాలు వచ్చినయ్, జర వచ్చి చూడు" అన్నాడు. అప్పటికి ప్రింటు పూర్తయిపోయింది. తెల్లవారితే ప్రారంభం. ఆ రాత్రి మళ్లీ చేసి మళ్లీ ప్రింటు తీయించి, తెల్లవారుజామున బోర్డు కట్టించాము.

అది ఆపరేటర్ తప్పు కాదు. సీఎంవైకేలో స్క్రీన్ మోడ్ ఒక్కో సిరా శాతాన్ని పై రంగులోని అదే సిరా శాతంతో గుణిస్తుంది. ఆర్‌జీబీ నలుపు సీఎంవైకేకు మారినప్పుడు నాలుగు సిరాలూ నూటికి నూరు ఉండవు. మజెంటా సుమారు 68 శాతం దగ్గర ఆగిపోతుంది. కింద మెరూన్‌లో మజెంటా 100 ఉంటే, ఆ నలుపు కప్పిన చోటల్లా అది 68కి పడిపోతుంది. మిగతా సిరాలు కూడా అలాగే తగ్గుతాయి. కనబడకూడని గ్రేడియెంట్ అంచు లేత పెట్టెలా బయటపడేది అందుకే. నలుపును పారదర్శకతగా మార్చి, నార్మల్ మోడ్‌లో పెట్టిన వెలుగుకు ఈ ప్రమాదం ఉండదు.

మూడవ దశ: రంగు మార్చడం

బొమ్మ మొత్తాన్ని ఎంచుకుని ఎడిట్ మెనూలో ఎడిట్ కలర్స్, అందులో రీకలర్ ఆర్ట్‌వర్క్ తెరవండి. రంగుల చక్రం మీద బొమ్మలోని రంగులు చిన్న వృత్తాలుగా కనబడతాయి. వాటిని ఒకదానితో ఒకటి ముడివేసే లింకు గుర్తును నొక్కి ఒక వృత్తాన్ని తిప్పితే అన్నీ కలిసి తిరుగుతాయి. అడ్వాన్స్‌డ్ ఆప్షన్లలో తెలుపును కాపాడమని గుర్తు పెట్టండి, ఎందుకంటే వెలుగు గీత నడిమి భాగం తెల్లగానే ఉండాలి. నియాన్ దీపాలను 1910లో పారిస్‌లో జార్జ్ క్లాడ్ తొలిసారి జనానికి చూపించాడు. గొట్టంలోని నియాన్ వాయువు ఇచ్చేది నారింజ కలిసిన ఎరుపు. ఆర్గాన్‌తో పాదరసపు ఆవిరి కలిస్తే నీలం వస్తుంది. ఏ రంగు గొట్టాన్నైనా ఫోటో తీసి చూడండి, గొట్టం నడుమ తెల్లబారి, అసలు రంగు దాని చుట్టూ ఉన్న కాంతిలోనే నిలుస్తుంది. మన కంటికి అది వెలుగుగా అనిపించడానికి ఆ తెలుపే ఆధారం. నడుమ గీతను కూడా పసుపుతో నింపేస్తే అది పెయింటు వేసిన గీత అవుతుంది తప్ప వెలగదు.

నీలాన్ని పసుపుగా తిప్పినప్పుడు మరొక సంగతి గమనిస్తారు. వెలుగు ఒక్కసారిగా ఎక్కువైపోయినట్టు, పసుపును నీలంగా మార్చినప్పుడు దీపం ఆరిపోయినట్టు అనిపిస్తుంది. సాఫ్ట్‌వేర్ రెండిటి ప్రకాశాన్నీ సమానంగా చూపించినా మన కన్ను అలా చూడదు. తెర మీద తెలుపులోని మొత్తం ప్రకాశంలో ఆకుపచ్చ వంతు సుమారు 72 శాతం, ఎరుపు వంతు 21, నీలం వంతు 7 మాత్రమే. పసుపు అంటే ఎరుపూ ఆకుపచ్చా కలిసినదే గనుక దానికి 93 శాతం దక్కుతుంది. అందుకని నీలం నుంచి పసుపుకు మార్చిన తరువాత బయటి వెలుగు ఒపాసిటీని తగ్గించి, రంగును నారింజ వైపు కొద్దిగా లాగండి. మెరూన్ మీద నిమ్మపండు పసుపు కన్నా పసుపుకొమ్ము రంగు ఎంతో నిండుగా కుదురుతుంది. పసుపు నుంచి నీలానికి వెళ్లేటప్పుడు దీనికి వ్యతిరేకంగా, శుద్ధమైన నీలంలో ఆకుపచ్చ పాలు కలిపి లేత నీలంగా తీసుకురండి.

రీకలర్ పూర్తయ్యాక అవుటర్ గ్లో రంగులను విడిగా చూసుకోవాలి. ఆ రంగు ప్రభావం డబ్బాలోనే ఉంటుంది గనుక అపియరెన్స్ ప్యానెల్‌లో దాని పేరు మీద రెండుసార్లు క్లిక్ చేసి మార్చండి. 0 శాతం ఒపాసిటీ ఉన్న స్టాప్‌లలో పాత నీలం మిగిలిందేమో కూడా చూడండి. మిగిలితే పసుపు అంచున బూడిద రంగు చార కనబడుతుంది.

దొరికినది జేపెగ్ మాత్రమే అయితే

కస్టమర్ వాట్సాప్‌లో పంపిన జేపెగ్ తప్ప వేరే దారి లేకపోతే, ఒకే రంగు ఉన్న చోటును ఎంచుకునే మ్యాజిక్ వాండ్ సాధనం జోలికి వెళ్లకండి. అది వెలుగును ఎక్కడో ఒకచోట కోసేస్తుంది. గింప్‌లో కలర్స్ మెనూలోని కలర్ టు ఆల్ఫా తెరిచి నలుపును ఎంచుకోండి. మనం పైన కాగితం మీద వేసిన లెక్కనే అది ప్రతి పిక్సెల్‌కూ వేసి నలుపును పారదర్శకతగా మారుస్తుంది. జేపెగ్‌లో నలుపు శుద్ధంగా ఉండదు గనుక ముందుగా లెవెల్స్‌లో నలుపు గుర్తును 10 వరకు కుడికి జరిపితే మచ్చలు పోతాయి. ఫోటోషాప్‌లో అయితే చానెల్స్ ప్యానెల్‌కు వెళ్లి, వెలుగు ఏ రంగులో ఉందో ఆ చానెల్ చిత్రం మీద కంట్రోల్ పట్టుకుని క్లిక్ చేయండి. నీలం వెలుగుకు బ్లూ చానెల్‌ను తీసుకోవాలి. మూడింటి కలయికను తీసుకుంటే నీలం తక్కువ ప్రకాశంగా లెక్కకు వచ్చి సగం వెలుగు పోతుంది. అలా వచ్చిన సెలెక్షన్‌తో కొత్త లేయర్‌లో మీకు కావలసిన రంగు నింపితే నేపథ్యం తీయడం, రంగు మార్చడం రెండూ ఒక్కసారే అయిపోతాయి. గీతల నడిమి తెలుపును మాత్రం పైన మరో లేయర్‌లో వేసుకోవాలి.

ఫైలు ఇచ్చే ముందు

బొమ్మ కింద ఒక తాత్కాలిక లేయర్ వేసి నలుపు, మెరూన్, మధ్యస్థమైన బూడిద, తెలుపు రంగులు ఒక్కొక్కటిగా పెట్టి చూడండి. దాగి ఉన్న ప్రతి పెట్టె బూడిద మీద బయటపడుతుంది. ఎల్‌ఈడీ వాల్‌కైతే ఆర్‌జీబీలోనే, నేపథ్యం ట్రాన్స్‌పరెంట్ అని ఎంచుకుని పీఎన్‌జీగా ఎగుమతి చేయండి. జేపెగ్‌లో పారదర్శకత నిలవదు. ఫ్లెక్స్‌కైతే తుది నేపథ్యంతో కలిపి సీఎంవైకేకు మార్చి మీ సిస్టమ్‌లోనే ఒకసారి చూసుకోండి. నియాన్ నీలం, ఆకుపచ్చ సిరాలో బాగా మసకబారతాయి, పసుపు, ఎరుపు దాదాపుగా నిలుస్తాయి. రంగు ఎంపిక ఇంకా మీ చేతిలోనే ఉంటే ఈ సంగతి గుర్తు పెట్టుకోండి. టీషర్టుల మీద డీటీఎఫ్ ప్రింటుకైతే (ముందు ఫిల్మ్ మీద అచ్చు వేసి బట్టకు అంటించే పద్ధతి) సగం పారదర్శకంగా ఉన్న పిక్సెళ్ల కింద తెల్ల సిరా పడి వెలుగు చుట్టూ పాలమీగడలాంటి అంచు వస్తుంది, కాబట్టి వెలుగును హాఫ్‌టోన్ చుక్కలుగా, అంటే దూరం నుంచి రంగు తగ్గుతున్నట్టు కనబడే చిన్న చిన్న గాఢమైన చుక్కలుగా, మార్చి ఇవ్వాలి.

పీఎన్‌జీని వాట్సాప్‌లో ఫోటోగా పంపితే అది జేపెగ్ అయిపోయి, మీరు గంటలు కూర్చుని తీసిన నేపథ్యం అవతలి వారి దగ్గర మళ్లీ పరుచుకుంటుంది. డాక్యుమెంట్‌గా పంపండి. ప్రింటు షాపు వారికి ఫోన్ చేసి, వారు ఫైలు తెరిచిన తరువాత ఒక స్క్రీన్‌షాట్ తిరిగి పంపమని అడగండి. అందులో మినార్ల అంచులను పెద్దది చేసి చూసిన తరువాతే ప్రింటు వేయమని చెప్పండి.